సింగపూర్ మొదటిసారి వస్తున్నారా? ఆ వెలుగుల వెనకున్న ఊరిని కూడా చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వచ్చే నెలలో అమ్మానాన్నలను, పదేళ్ల పాపను తీసుకుని అయిదు రోజులు సింగపూర్ వస్తున్నారు. ఇంట్లో అందరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. వీడియోలు చూసీ చూసీ మీకో అనుమానం వచ్చింది: "అంతా అద్దాల మేడలూ లైట్లేనా? వాటి వెనక నిజంగా ఒక ఊరుందా? ఉంటే, ఏం చూస్తే ఆ ఊరు తెలుస్తుంది?"

నేను ఇక్కడ చాలా ఏళ్లుగా సివిల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మన ఊళ్ల నుంచి చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు వస్తే తిప్పి చూపించే పని ఎప్పుడూ నాదే. ఆ అనుభవంతో చెప్తున్నాను. ఊరుంది, చాలా ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఒకే ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ దేశానికి నేల లేదు, తాగునీళ్లు చాలవు, తవ్వుకోవడానికి గనులు లేవు. ఇక్కడ మెరిసే ప్రతి వస్తువు వెనకా ఏదో ఒక లేమి ఉంటుంది. ఆ లేమి ఏమిటో తెలిస్తే లైట్లు లైట్లలా మాత్రమే కనిపించవు.

నేల సంగతే తీసుకోండి. మొన్నటిదాకా మనం జీహెచ్‌ఎంసీ అని పిలిచిన హైదరాబాద్ విస్తీర్ణం 650 చదరపు కిలోమీటర్లు. సింగపూర్ దేశం మొత్తం కలిపి దాదాపు 735. అందులో సుమారు 60 లక్షల మంది ఉంటున్నారు. 1965 ఆగస్టు 9న మలేసియా నుంచి విడిపోయేనాటికి ఇది ఇంకా చిన్నది, 580 చదరపు కిలోమీటర్ల చిల్లర. మిగతాదంతా సముద్రాన్ని పూడ్చి సంపాదించుకున్న నేల. మీ విమానం దిగే చాంగీలో కూడా చాలా భాగం అలా పూడ్చిన నేలే.

చాంగీలో దిగగానే పెద్దవాళ్లు మొదట గమనించేవి కాళ్ల కింద తివాచీ, ఎవరూ అరవకపోవడం, శుభ్రమైన బాత్రూములు. ఇమ్మిగ్రేషన్ దగ్గర పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎన్నాళ్లు ఉండొచ్చో మెయిల్‌లో వస్తుంది. "ముద్ర వేయించుకోవడం మర్చిపోయామేమో" అని నాన్నగారు టెన్షన్ పడతారు, ముందే చెప్పి ఉంచండి. అక్కడే 'జ్యూయల్' అనే గాజు గోపురం ఉంది. 2019లో తెరిచారు. దాని నడిమధ్యలో 40 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి, నాలుగు వైపులా అడవిలా చెట్లు. మీరు చూసిన వీడియోలన్నిట్లో అదే ఉండి ఉంటుంది. దిగిన రోజు అటు వెళ్లొద్దని నా సలహా. హైదరాబాద్ నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం, పైగా సాధారణంగా రాత్రి నిద్ర చెడగొట్టుకుని తెల్లవారుజామున దిగుతారు. ఆ అలసటలో ఎంత పెద్ద జలపాతమైనా మనసుకు ఎక్కదు. అది ఇమ్మిగ్రేషన్‌కి బయటే ఉంది కాబట్టి తిరిగి వెళ్లే రోజు రెండు మూడు గంటలు ముందు వచ్చి తీరిగ్గా చూడండి. ఇక్కడి వాళ్లు కూడా పిల్లల్ని తీసుకుని సెలవు రోజుల్లో అక్కడికే వస్తారు.

తలుపులు తెరుచుకుని బయటికి రాగానే ముఖానికి తడి వేడి తగులుతుంది. భూమధ్యరేఖకి ఒక్క డిగ్రీ పైనే ఉన్నాం. ఏడాది పొడవునా పగలు 31, 32 డిగ్రీలు. మే నెల విజయవాడ చూసినవాళ్లకి ఆ అంకె చిన్నదిగానే కనిపిస్తుంది కానీ గాలిలో తేమ వల్ల పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. కాటన్ బట్టలే తెచ్చుకోండి. మధ్యాహ్నాలు ఉన్నట్టుండి కుండపోత వాన వస్తుంది, గంటలో వెలిసిపోతుంది. మెట్రో స్టేషన్ నుంచి బస్టాపుకి, అక్కణ్ణించి ఇళ్ల దాకా పైకప్పు వేసిన నడకదారులు చాలాచోట్ల ఉంటాయి. వాటిని ఎవరూ ఫోటో తీయరు. నాకైతే ఈ ఊళ్లో బాగా ఆలోచించి కట్టినవాటిలో అవి ముందుంటాయి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు వానలోనూ ఎండలోనూ ఇల్లు కదలగలుగుతున్నారంటే అవే కారణం.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే దారి ఈస్ట్ కోస్ట్ పార్క్‌వే. రెండు వైపులా నిద్రగన్నేరు చెట్లు గొడుగులు పట్టినట్టు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. అవి వాటంతట అవి మొలవలేదు. 1963లో మొక్కలు నాటే కార్యక్రమం మొదలుపెట్టారు. 1967లో 'గార్డెన్ సిటీ' అన్న మాటను ప్రభుత్వ విధానంగా ప్రకటించారు. అప్పటికి ఇది నిరుద్యోగం, ఇరుకు గుడిసెలు ఉన్న కొత్త దేశం. చెట్ల మీద డబ్బు పెట్టడానికి ప్రధాని లీ క్వాన్ యూ చెప్పిన కారణం స్పష్టమైనదే: పెట్టుబడి పెట్టడానికి వచ్చే విదేశీయుడు విమానాశ్రయం నుంచి హోటల్‌కి వచ్చేలోపు, ఈ దేశం పనులు సరిగ్గా చేస్తుందని నమ్మాలి. మీకు ఆ దారిలో కలిగే మొదటి అభిప్రాయం అరవై ఏళ్ల కిందటే ఎవరో కూర్చుని ఆలోచించి తయారుచేసినది. అది తెలిశాక కూడా ఆ చెట్ల కింద నుంచి వెళ్తుంటే నాకు ఇప్పటికీ హాయిగానే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా గమనిస్తారు. హారన్లు వినపడవు. పొద్దున్నే కోయిలలు మాత్రం చెవులు చిల్లులు పడేలా కూస్తాయి. మనం ఉగాదికి ఎదురుచూసే కూత మీద ఇక్కడ కొందరు నిద్ర చెడుతోందని ఫిర్యాదులు చేస్తుంటారు.

మొదటి రోజు సాయంత్రం మెరీనా బే. ఆరున్నరకల్లా మెర్‌లయన్ దగ్గరికి చేరండి. సింహం తల, చేప తోక ఉన్న ఆ విగ్రహం ఎనిమిదిన్నర మీటర్లే. ఫోటోల్లో చూసి పెద్దదనుకున్నవాళ్లు నిరాశపడతారు. మీరు చూడాల్సింది దాని ఎదురుగా ఉన్న నీళ్లను, ఆ నీళ్ల అవతలి గట్టును. ఇక్కడ ఏడాదంతా ఏడు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. వెలుగు తగ్గుతుంటే ఒక్కొక్క భవనం వెలుగుతూ వస్తుంది. ఆ అరగంట ఎక్కడికీ కదలకుండా కూర్చోండి. ఎదురుగా 57 అంతస్తుల మూడు బురుజుల మీద పడవ పెట్టినట్టు కనిపించేది మెరీనా బే శాండ్స్, 2010లో తెరిచారు. ఎనిమిదింటికి నీళ్ల మీద లైట్ల ప్రదర్శన ఉంటుంది, ఉచితం. దాని వెనకే గార్డెన్స్ బై ద బే. 2012లో తెరిచిన ఆ తోటలో 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న 18 ఇనుప చెట్లు ఉన్నాయి, వాటి ఒళ్లంతా నిజమైన మొక్కలు పాకించారు. అక్కడి ప్రదర్శన సాధారణంగా 7:45కి, 8:45కి. ఎనిమిదింటిది చూసుకుని నడిచి వెళ్తే రెండోది అందుతుంది. పాప ఆ చెట్ల కింద పడుకుని పైకి చూస్తానంటే పడుకోనివ్వండి, అందరూ అలాగే చూస్తారు. పెద్దవాళ్లకి మాత్రం ఆ నడక కాస్త దూరమే, మధ్యలో కూర్చుంటూ వెళ్లండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ మెరీనా బే నీళ్లు ఉప్పగా ఉండవు. సముద్రపు ఒడ్డున, ఓడలు కనిపించేంత దగ్గర్లో ఉన్న ఆ నీళ్లు మంచినీళ్లు. 2008లో సముద్రానికి అడ్డంగా మెరీనా బ్యారేజీ కట్టి దాన్ని జలాశయంగా మార్చారు. దేశం విస్తీర్ణంలో ఆరో వంతు మీద పడిన వాన అందులోకి చేరుతుంది. తొమ్మిది ఉక్కు గేట్లున్నాయి. భారీ వాన పడినప్పుడు సముద్రం పోటు మీద లేకపోతే గేట్లు తెరిచి నీళ్లు వదులుతారు. పోటు మీద ఉంటే గేట్లు మూసేసి ఏడు పెద్ద పంపులతో ఎత్తి పోస్తారు. తాగునీరు నిలవ చేయడం, పల్లపు వీధులు మునగకుండా చూడడం, ఊరి మధ్య అందమైన చెరువు ఉండడం, మూడు పనులు ఒక్క కట్టడంతో చేయించుకున్నారు. ప్రకాశం బ్యారేజీ, ధవళేశ్వరం చూసి పెరిగిన మనవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండి. దాని పంపుహౌసు పైకప్పు మీద పచ్చగడ్డి మైదానం ఉంది, సాయంత్రాలు కుటుంబాలు గాలిపటాలు ఎగరేస్తుంటాయి. టికెట్ లేదు. టూరు ప్యాకేజీలు దీన్ని ఎందుకు వదిలేస్తాయో నాకు అర్థం కాదు, ఈ ఊరి గుండె అక్కడే ఉంది.

నీళ్ల గురించి వీళ్లకి ఇంత పట్టింపు ఎందుకంటే, పక్క దేశం మలేసియాలోని జొహోర్ రాష్ట్రం నుంచి గొట్టాల్లో నీళ్లు కొనుక్కుంటారు. 1962లో రాసుకున్న ఒప్పందం ప్రకారం రోజుకు 25 కోట్ల గ్యాలన్ల వరకు తీసుకోవచ్చు, ఆ గడువు 2061 దాకా. తర్వాత ఏమిటన్నది దశాబ్దాల నుంచీ ఈ ప్రభుత్వాన్ని నడిపిస్తున్న భయం. అందుకే వాననీరు పట్టుకుంటారు, సముద్రపు నీటిలో ఉప్పు తీస్తారు, 2003 నుంచి వాడిన నీటినే శుద్ధి చేసి 'న్యూవాటర్' పేరుతో తిరిగి వాడుతున్నారు. అది ఎక్కువగా ఫ్యాక్టరీలకు వెళ్తుంది, ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే జలాశయాల్లో కూడా కలుపుతారు. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగొచ్చు. సీసాల నీళ్లు కొని డబ్బు తగలేయకండి.

సింగపూర్ నది కథ కూడా ఇదే. మీరు బోట్ క్వే దగ్గర హోటళ్ల వరసల ముందు నడిచే ఆ నది 1970ల్లో నల్లగా కంపు కొట్టేది. ఎగువన పందుల పెంపకాలు, బాతుల పెంపకాలు, గుడిసెలు, ఒడ్డున వీధి తిండి బళ్లు, నదినిండా సరుకు పడవలు. 1977లో లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టారు, 1987కి శుభ్రమైంది. పైపైన చెత్త తీసి ఊరుకోలేదు. చెత్త ఎక్కడ పుడుతోందో అక్కడికి వెళ్లారు. వేల కుటుంబాలకు ఇళ్లిచ్చి తరలించారు, పెంపకాలు ఎత్తేశారు, తిండి బళ్ల వాళ్లను పైకప్పు, కుళాయి, మురుగు కనెక్షన్ ఉన్న కేంద్రాల్లోకి మార్చారు. తరతరాల బతుకుతెరువు పోగొట్టుకున్నవాళ్లు అందులో ఉన్నారు, ఆ బాధ చిన్నది కాదు. నది ఒడ్డున నిలబడి మెచ్చుకునేటప్పుడు వాళ్లనూ తలుచుకోవాలని నాకనిపిస్తుంది.

అలా పుట్టి పెరిగినవే ఈరోజు మీరు భోజనం చేయబోయే హాకర్ సెంటర్లు. 2020లో యునెస్కో వీటి సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్క కప్పు కింద చైనీస్, మలయ్, తమిళ వంటలు. పక్కపక్క బల్లల మీద సూటు వేసుకున్న బ్యాంకు ఆఫీసరు, ట్యాక్సీ డ్రైవరు తింటుంటారు. ఎవరైనా బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంటే ఆ చోటు వాళ్లదని అర్థం, అక్కడ కూర్చోకండి. తిన్నాక పళ్లెం తీసుకెళ్లి పెట్టాల్సిన చోట పెట్టాలి, 2021 నుంచి అది చట్టం. అమ్మగారు శాకాహారి అయితే భయపడక్కర్లేదు. లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ ఉంది, సెరంగూన్ రోడ్డులో 1947 నాటి కోమల విలాస్ ఉంది, ఆంధ్రా భోజనం పెట్టే హోటళ్లూ ఉన్నాయి. ఏసీ హోటళ్లలో మాత్రం మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని పైన 9 శాతం జీఎస్టీ కలుస్తాయి. బిల్లు చూసి ఉలిక్కిపడకండి.

మీ అయిదు రోజుల్లో ఒక పూట ఏ టూరిస్టు స్థలమూ కాని చోటికి వెళ్లమని అడుగుతాను. తోవా పాయో అనే పేట. మెట్రోలో నేరుగా దిగొచ్చు. ఇక్కడ నూటికి దాదాపు ఎనభై మంది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. పేదల కాలనీ కాదు. టీచర్లు, నర్సులు, ఇంజినీర్లు అందరూ అవే. హెచ్‌డీబీ 1960లో పుట్టింది. మరుసటి ఏడాది మే నెలలో బుకిట్ హో స్వీ అనే గుడిసెల పేట కాలిపోయి వేలమంది రోడ్డున పడ్డారు. ఏడాది తిరగకుండానే అదే చోట కొత్త ఇళ్లు లేచాయి. ఆ తర్వాత ఈ సంస్థను జనం నమ్మారు. ఫ్లాటు కొనుక్కుంటే 99 ఏళ్ల హక్కు వస్తుంది, నేల మాత్రం ప్రభుత్వానిదే. 1989 నుంచి ప్రతి బ్లాకులో చైనీయులు, మలయ్‌లు, భారతీయులు ఎంత శాతం దాటకూడదో లెక్క ఉంది, ఒక జాతివాళ్లంతా ఒకేచోట గుంపుగా చేరకుండా. ఆ నియమం వల్ల ఫ్లాటు అమ్ముకోవడానికి ఇబ్బందిపడే కుటుంబాలూ ఉన్నాయి, ముఖ్యంగా తక్కువ సంఖ్యలో ఉన్న జాతులవాళ్లు. అయినా లిఫ్టులో మూడు భాషలు వినపడడం, దీపావళికి పొరుగు చైనీస్ ఆవిడ మిఠాయి డబ్బా అందుకోవడం, ఆ నియమం లేకుండా వచ్చేవని నేను అనుకోను.

ఆ బ్లాకుల కింది అంతస్తు గోడలు లేకుండా ఖాళీగా ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. మలయ్‌ల పెళ్లిళ్లు, చైనీయుల కర్మకాండలు, ముసలివాళ్ల చదరంగం, పిల్లల ఆటలు అన్నీ అక్కడే. కిటికీల్లోంచి వెదురు కర్రల మీద బట్టలు ఆరేసి ఉంటాయి. ఒక గంట అక్కడి బెంచీ మీద కూర్చుని చూస్తే మీరు అడిగిన "నిజంగా ఒక ఊరుందా" అన్నదానికి జవాబు దొరుకుతుంది. పైనుంచి నగరం చూడాలంటే కూడా మెరీనా బే శాండ్స్ పైకి ఖరీదైన టికెట్ కొనక్కర్లేదు. పినాకిల్ ఎట్ డక్స్‌టన్ అనే 50 అంతస్తుల హెచ్‌డీబీ భవనాలున్నాయి, 2009లో పూర్తయ్యాయి. ఏడు బురుజులను పైన వంతెనతో కలిపారు. కొద్దిపాటి రుసుము కట్టి ఆ వంతెన మీదికి వెళ్లొచ్చు. రోజుకు కొంతమందినే అనుమతిస్తారు కాబట్టి వెళ్లేముందు ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

తిరగడానికి మెట్రో, బస్సులు చాలు. మీ బ్యాంకు కార్డుకి విదేశీ వాడకం ఆన్ చేసుకుని ఉంటే దాన్నే గేటు దగ్గర తాకించి వెళ్లొచ్చు, ఒక్కొక్కరికీ విడి కార్డు కావాలి. రోడ్ల మీద కార్లు అన్నీ కొత్తవే ఎందుకున్నాయని నాన్నగారు అడుగుతారు. ఇక్కడ కారు కొనాలంటే ముందు వేలంలో అనుమతి పత్రం కొనాలి. 1990లో తెచ్చిన ఈ పద్ధతిలో ఆ పత్రం పదేళ్లే చెల్లుతుంది. ఈమధ్య దాని ధర లక్ష సింగపూర్ డాలర్లు దాటిన సందర్భాలున్నాయి, అంటే మన డబ్బులో అరవై లక్షల పైనే, కారు ఖరీదు వేరే. నేల లేని చోట రోడ్డు కూడా బంగారమే. అదే డబ్బున్నా లేకపోయినా మెట్రో మాత్రం అందరికీ ఒకేలా నడుస్తుంది. అందులో తినకూడదు, తాగకూడదు, 500 డాలర్ల వరకు జరిమానా. పాప చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే సంచిలో పెట్టించండి.

చరిత్ర చూడాలంటే తెలోక్ ఆయర్ వీధి. ఇప్పుడు చుట్టూ ఆఫీసు భవనాలు, ఎక్కడా సముద్రం కనపడదు. ఒకప్పుడు అలలు ఆ వీధి అంచునే తాకేవి. ఓడ దిగినవాళ్లు క్షేమంగా చేరామని దణ్ణం పెట్టుకోవడానికి చైనీయులు థియాన్ హాక్ కెంగ్ గుడి కట్టుకున్నారు, దక్షిణాది నుంచి వచ్చిన ముస్లింలు నాగూరు దర్గా కట్టుకున్నారు. రెండూ ఒకే వీధిలో ఉన్నాయి. అక్కణ్ణించి నడిచి వెళ్లగలిగే దూరంలో సౌత్ బ్రిడ్జి రోడ్డులో 1827 నాటి మారియమ్మన్ గుడి. ఆ ఊరి నడిబొడ్డున తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ చర్చిని మన దేశం నుంచి ఈస్టిండియా కంపెనీ తెచ్చిన ఖైదీలు 1856–61 మధ్య కట్టారు. గోడలకు పూసింది మద్రాసు సున్నం: గవ్వల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి దంచినది. సింగపూర్ అనగానే అద్దాలు గుర్తొస్తాయి కానీ మనవాళ్ల చెమట ఈ ఊరి పునాదుల్లో రెండు వందల ఏళ్ల నుంచి ఉంది.

ఈనాటికీ ఉంది. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాకి వెళ్లండి. శ్రీనివాస పెరుమాళ్ గుడిలో దర్శనం చేసుకుని, ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణం వైపు నడవండి. వీధులు, పచ్చిక మైదానాలు నిండా మగవాళ్లు. ఎక్కువమంది తమిళులు, బంగ్లాదేశీయులు, మధ్యలో మన తెలుగు కుర్రాళ్లు కూడా. వారమంతా భవనాల మీద, సొరంగాల్లో, ఓడల మరమ్మతు యార్డుల్లో పనిచేసి ఆ ఒక్క పూట ఇంటికి ఫోన్ చేసుకోవడానికి, డబ్బు పంపుకోవడానికి, మన తిండి తినడానికి వస్తారు. వాళ్లు ఉండేది ఊరికి దూరంగా ఉన్న డార్మిటరీల్లో. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ దేశంలో కేసుల్లో చాలా భాగం ఆ గదుల్లోనే తేలాయి. అప్పుడు గానీ వాళ్లు ఎంత ఇరుకులో ఉంటున్నారో మిగతా ఊరికి తెలియలేదు. తర్వాత గదుల ప్రమాణాలు పెంచారు. కానీ పొద్దున్నే లారీల వెనక కూర్చోబెట్టి పనికి తీసుకెళ్లడం ఇంకా చూస్తూనే ఉంటాం. నేను పనిచేసే రంగం ఇది. వాళ్లు లేకుండా ఇక్కడ ఒక్క అంతస్తు లేవదు. వాళ్ల ప్రయాణం విషయంలో ఈ దేశం తన తెలివికి తగ్గట్టు ప్రవర్తించడం లేదనే నా అభిప్రాయం. అలాగే హాకర్ సెంటర్లలో బల్లలు తుడిచే డెబ్భై దాటిన ముసలివాళ్లను గమనించండి. ఊరు శుభ్రంగా ఉండడానికి జరిమానాలే కారణమని అందరూ అంటారు. తుడిచేవాళ్లు ఎంతమందో తెల్లవారుజామున బయటికి వస్తే తెలుస్తుంది.

ఇంటికి వెళ్లాక మీవాళ్లంతా ఒక మాట అంటారు: "మన దగ్గర ఇలా ఎందుకు కాదు?" మన తెలుగువాళ్లకి ఈ ప్రశ్న ఉత్తిది కాదు. అమరావతి మాస్టర్ ప్లాన్ గీసింది సింగపూర్ సంస్థే. ఇక్కడి కంపెనీల బృందంతో కుదిరిన స్టార్టప్ ప్రాంతం ఒప్పందం 2019లో రద్దయింది. ఆ రాజకీయాల్లోకి నేను వెళ్లను. ఇంజినీరుగా ఒకటే చెప్పగలను. ఇక్కడ బురుజులు చివర్న వచ్చాయి. మెరీనా బే నేలను పూడ్చడం 1970ల్లో మొదలుపెడితే, శాండ్స్ లేచింది 2010లో. మధ్యలో ఆ నలభై ఏళ్లు ఇళ్లు, మురుగు కాలువలు, నది, మెట్రో. మొదటి మెట్రో రైలు నడిచింది 1987లో. నమ్మకం కలగకపోతే మాక్స్‌వెల్ రోడ్డులో సిటీ గ్యాలరీకి వెళ్లండి. నగరం మొత్తం చిన్న నమూనాగా పరిచి ఉంటుంది, ఏ నేల ఎప్పుడు దేనికి కేటాయించారో చూపిస్తారు. ప్రవేశం ఉచితం, ఆదివారం సెలవు. పాపకి కూడా నచ్చుతుంది.

సెంటోసా దీవి, అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు గురించి రాయలేదు. పాప కోసం ఒక రోజు పెట్టుకోండి, వారం మధ్యలో వెళ్తే రద్దీ తక్కువ. దాని గురించి సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక బయలుదేరేముందు చూసుకోవాల్సినవి. వీసాతో పాటు, వచ్చేముందు మూడు రోజుల్లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రభుత్వ ఇమ్మిగ్రేషన్ సైట్‌లో అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్లు కనిపిస్తే మూసేయండి. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్లు, చూయింగ్ గమ్ తేకూడదు. సిగరెట్లకు సుంకం మినహాయింపు లేదు, ఒక్క ప్యాకెట్ ఉన్నా చెప్పి సుంకం కట్టాలి. ఇంటి మసాలా పొడిలో గసగసాలు వేసి ఉంటే అది తీసుకురాకండి, ఇక్కడి మత్తుపదార్థాల చట్టాలు చాలా కఠినం. అమ్మానాన్నలు రోజూ వేసుకునే మందులు వాటి అసలు అట్టల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టండి. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మందులు ఉంటే ముందే అనుమతి అవసరమా అని ఇక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ హెచ్‌ఎస్‌ఏ సైట్‌లో చూసుకోండి. ఏ వారం వస్తున్నారో, హోటల్ ఏ పేటలో తీసుకున్నారో రాస్తే, పెద్దవాళ్లకి మెట్లు, నడక తక్కువగా ఉండేలా రోజువారీ దారి రాసి పెడతాను.